అజీర్తికి, నీరసానికి అరిష్టాలు, చూర్ణాలు: ఎవరికి సరిపడతాయి, ఎవరు ఆగాలి?

తణుకు టీచరమ్మ:
సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 44 సంవత్సరాలు, ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. కొంతకాలంగా భోజనం చేసిన తరువాత కడుపు ఉబ్బరించి, రెండు మూడు గంటల వరకు తేలికపడటం లేదు. ఉదయం లేచేసరికే ఒళ్లు బరువుగా ఉంటున్నది, మధ్యాహ్నం తరగతిలో నిలబడి పాఠం చెప్పడానికి ఓపిక చాలటం లేదు. షుగరుకు కొన్నేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మా ఆడపడుచు ద్రాక్షారిష్టం తాగమన్నారు. తోటి ఉపాధ్యాయిని ఒకరు అశ్వగంధ మాత్రలు మంచివన్నారు. మూలికల దుకాణంలో అడిగితే హింగ్వాష్టక చూర్ణం, త్రిఫల చూర్ణం రెండూ చేతిలో పెట్టారు. అన్నీ ఇంట్లో ఉన్నాయి కాని, ఏది వేసుకోవాలో, అసలు వేసుకోవచ్చో లేదో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

కృష్ణాతీరం:
అమ్మా, మీరు సందేహించవలసిన పని లేదు. మా ఇళ్లలో వేడి అన్నంలో నెయ్యి వేసుకుని, శొంఠిపొడితోనో వాముపొడితోనో మొదటి ముద్ద తినడం తరతరాలుగా ఉన్నదే. హింగ్వాష్టకం కూడా ఆ దారిలోనిదే, దానిని మందు అనడం కన్నా ఆహారం అనడమే న్యాయం. ఈ రోజుల్లో కాస్త కడుపుబ్బరం రాగానే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రను మొదలుపెట్టి, ఆపమని చెప్పేవారు లేక ఏళ్ల తరబడి మింగుతున్నవారు నాకు చాలామంది తెలుసు. దానితో పోలిస్తే జీలకర్ర, ఇంగువ ఏ పాపం చేశాయి? ద్రాక్షారిష్టం కూడా ఎండుద్రాక్షతో చేసినదే. ధైర్యంగా వాడండి.

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
నేను హైదరాబాదులోని ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో చదివి వైద్యం చేస్తున్నాను. కృష్ణాతీరం గారు మొదటి ముద్ద గురించి చెప్పినది శాస్త్రంలో ఉన్న పద్ధతే. హింగ్వాష్టకంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము జాతికి చెందిన అజమోదం, సైంధవ లవణం, జీలకర్ర, నల్ల జీలకర్ర, ఇంగువ అనే ఎనిమిది ద్రవ్యాలు ఉంటాయి. దానిని నేతితో కలిపి భోజనంలో తొలి ముద్దగా తీసుకోమన్నారు. అయితే "ధైర్యంగా వాడండి" అన్న మాట దగ్గర నేను వారితో ఏకీభవించలేను.

జఠరాగ్ని అందరికీ ఒక తీరున ఉండదు. తిన్నది అరగక బరువుగా, మందంగా ఉండేది మందాగ్ని. ఒకరోజు బాగా అరిగి మరొకరోజు ఉబ్బరించేది విషమాగ్ని. తిన్న కాసేపటికే మళ్లీ దహించుకుపోయేది తీక్ష్ణాగ్ని. హింగ్వాష్టకం మొదటి రెంటికి, ముఖ్యంగా వాతం వలన వచ్చే ఉబ్బరానికి ఉద్దేశించినది. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, నోట్లోకి చేదునీరు రావడం ప్రధానంగా ఉన్నవారిది అమ్లపిత్తం. వారికి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన ఏ చూర్ణమైనా మంటను పెంచుతుంది. మన దగ్గర ఈ రెండు బాధలనూ "గ్యాస్" అనే ఒక్క మాటతో చెప్పుకోవడం వలన, ఒకరికి పనిచేసిన చూర్ణం మరొకరికి చేటు చేస్తున్నది. టీచరమ్మ గారూ, మీకు ఉబ్బరమా, మంటా? ఆకలి వేస్తున్నదా, లేదా? విరేచనం రోజూ అవుతున్నదా? ఈ మూడూ చెప్పకుండా ఏ వైద్యుడైనా మందు పేరు చెబితే ఆయన మాట నమ్మవద్దు.

ఇంగువ గురించి ఒక మాట. వంటకు వాడే డబ్బా ఇంగువలో చాలా భాగం గోధుమపిండో, బియ్యప్పిండో, తుమ్మబంకో ఉంటుంది. ఇంట్లో చూర్ణం చేసుకునేవారు ముద్ద ఇంగువను తెచ్చి, నేతిలో పొంగించి, చల్లారాక పొడిచేసి కలుపుకోవాలి. గోధుమ సరిపడనివారు ఈ సంగతిని మరింత గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఖమ్మం ఫిజీషియన్:
నేను అల్లోపతి వైద్యుడిని. చూర్ణం మంచిదా, మాత్ర మంచిదా అన్న వాదనలోకి వెళ్లడం లేదు. ఈ ప్రశ్నలో నన్ను కలవరపెట్టినది ఉబ్బరం కాదు, నీరసం. 44 ఏళ్ల మహిళ, మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు, తరగతిలో నిలబడలేకపోతున్నానని చెబుతుంటే, దానిని జీర్ణశక్తి లోపంగా మాత్రమే అనుకుని బలానికి అరిష్టం ఇవ్వడం సరికాదు.

2019 నుంచి 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు దేశం మొత్తం మీద 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే నీరసమని వచ్చిన ప్రతి ఇద్దరు స్త్రీలలో ఒకరికి రక్తం తక్కువగా ఉండవచ్చునన్న అనుమానంతోనే మేము మొదలుపెట్టాలి. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. దీనికి తోడు మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. దాని వలన నీరసమే కాక అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు కూడా వస్తాయి. థైరాయిడ్ మందగించినా ఒళ్లు బరువు, మలబద్ధకం, ఉబ్బరం కలిసే కనిపిస్తాయి.

కనుక టీచరమ్మ గారూ, ముందుగా సంపూర్ణ రక్త పరీక్ష, ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే ఫెర్రిటిన్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, బి12, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు చేయించుకోండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే, సంకోచించకుండా స్త్రీ వైద్య నిపుణురాలికి చెప్పండి. మన ఆడవాళ్లు ఆ సంగతి దాచుకుని "ఓపిక లేదు" అని మాత్రం చెబుతారు, మేము అడగం, వాళ్లు చెప్పరు, జబ్బు అలాగే ఉండిపోతుంది. ఇంకొకటి, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, తారువంటి నల్లటి విరేచనం, మింగుడు పడకపోవడం, పదేపదే వాంతులు, రాత్రి నిద్రలో లేపే కడుపునొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఏ టానిక్కూ తాగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కృష్ణాతీరం:
వైద్యుల వారు చెప్పినది కాదనను. కాని కడుపుబ్బరంతో వెళ్లిన ప్రతి మనిషికీ ఇన్ని పరీక్షలు రాస్తే, పల్లెలో కూలి చేసుకునేవాళ్ల గతి ఏమిటి? వారికి వాముపొడి ఒక్కటే అందుబాటులో ఉన్నది. పరీక్షల పేరు చెబితే భయపడి అసలు ఎవరికీ చూపించుకోరు.

ఖమ్మం ఫిజీషియన్:
మీ బాధ న్యాయమైనది, నేను రోజూ చూస్తున్నదే. అందుకే చెబుతున్నాను, అన్నీ ఒకేసారి అక్కరలేదు. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు లేకుండా జరుగుతుంది. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి, అదీ ఉచితమే. ఒక సీసా బ్రాండెడ్ టానిక్ కొనే డబ్బుతో రక్త పరీక్ష చేయించుకోవచ్చు. ఉత్త ఉబ్బరానికి, వేరే ప్రమాద లక్షణాలు లేనివారు, వాముపొడిని కొద్ది రోజులు వేసుకుని చూడటాన్ని నేను అడ్డుకోను. నీరసం కలిసిందంటే మాత్రం ఆగి చూడాలి.

గుంటూరు మందుల షాపు:
మా షాపులో అల్లోపతితో పాటు ఆయుర్వేద మందులు కూడా అమ్ముతాము. కొనేవారు సీసా మీద ఏమి చూడాలో చెబుతాను, ఎందుకంటే చాలామంది బొమ్మను, ధరను తప్ప మరేమీ చూడరు.

ఆయుర్వేద మందు అయితే ఆ మాట లేబుల్ మీద ఉండాలి. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు, ఒక్కొక్క ద్రవ్యం పేరు, ఎంత మోతాదు అన్నవి ఉండాలి. వీటికి బదులుగా 14 అంకెల ఆహార లైసెన్స్ సంఖ్య మాత్రమే ఉంటే అది చట్టం దృష్టిలో ఆహార పదార్థం, మందు కాదు. పొడి చూడటానికి ఒకేలా ఉన్నా దానిమీద జరిగే తనిఖీ వేరు. విషద్రవ్యాల జాబితాలో ఉన్న మూలిక గాని, ఖనిజం గాని కలిసిన మందు మీద "వైద్యుని పర్యవేక్షణలో వాడాలి" అన్న హెచ్చరిక ఉండాలి. ఆ హెచ్చరిక ఉన్న సీసాను పక్కింటివారి మాట మీద కొనవద్దని నేను అందరికీ చెబుతాను.

అరిష్టాలు, ఆసవాల సంగతి ఇంకొకటి. మూలికల కషాయం కాచి పులియబెట్టేది అరిష్టం, కాచకుండా పులియబెట్టేది ఆసవం. రెండింటిలోనూ బెల్లమో తేనెయో వేసి, ధాతకీ పూలు కలిపి మూసి ఉంచుతారు. ఆ పులుపులో సహజంగా మద్యసారం పుడుతుంది, సాధారణంగా 5 నుంచి 12 శాతం వరకు ఉంటుంది. సీసా వెనుక చిన్న అక్షరాలలో "స్వయంజనిత ఆల్కహాల్" అని రాసి ఉంటుంది. పెద్దలకు మామూలుగా చెప్పే మోతాదు భోజనం తరువాత 15 నుంచి 30 మిల్లీలీటర్లు, అంతే నీటితో కలిపి. పది శాతం ఉన్న అరిష్టం 30 మిల్లీలీటర్లలో సుమారు రెండున్నర గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మత్తు కలిగించదు, కాని అందరికీ నిరపాయకరమనీ అనలేము. ద్రాక్షారిష్టంలో ఎండుద్రాక్షతో పాటు బెల్లం బాగా పడుతుంది. టీచరమ్మ గారికి షుగరు ఉన్నది కనుక ఈ ఒక్క కారణంతోనే దానిని పక్కన పెట్టవలసి ఉంటుంది.

పాలమూరు చెల్లెలు:
గుంటూరు అన్నగారు చెప్పినది చదివి నాకు భయం వేసింది. మా అన్న తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నాడు. ఆకలి లేదంటే మా వదిన ఏదో అరిష్టం సీసా తెచ్చి పెట్టింది, ఇంకా మూత తీయలేదు. అందులో మద్యం ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. తాగించవచ్చా?

ఖమ్మం ఫిజీషియన్:
అమ్మా, ఒక్క చెంచా కూడా ఇవ్వవద్దు. డైసల్ఫిరామ్ శరీరంలో ఉండగా కొద్దిపాటి ఆల్కహాల్ లోపలికి వెళ్లినా ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోవచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మాత్ర ఆపిన తరువాత కూడా దాదాపు రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉంటుంది. తాగుడు మానిన మనిషికి ఆ వాసన, ఆ రుచి మళ్లీ తగలడం కూడా మంచిది కాదు. ఆకలి లేకపోవడానికి కాలేయం కారణం కావచ్చు, డైసల్ఫిరామ్ వాడేవారికి కాలేయ పరీక్షలు ఎలాగూ చేయిస్తూ ఉండాలి. మీ అన్నగారికి వైద్యం చేస్తున్న వారికి ఈ వారమే ఈ సంగతి చెప్పండి. విరేచనాలకు, పంటి ఇన్ఫెక్షన్లకు తరచుగా రాసే మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడు కూడా అరిష్టాలకు దూరంగా ఉండమనే మేము చెబుతాము.

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
పై సమాధానాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. కాలేయ వ్యాధి ఉన్నవారికి, గర్భిణులకు, చిన్నపిల్లలకు కూడా సొంతంగా అరిష్టాలు పట్టవద్దు. కలబంద ప్రధానంగా ఉండే కుమార్యాసవం గర్భిణులకు పనికిరాదు. ఆకలి పుట్టించడానికి మద్యసారం లేని మార్గాలు మా శాస్త్రంలోనే ఎన్నో ఉన్నాయి. భోజనానికి ముందు అల్లం ముక్క మీద సైంధవ లవణం అద్దుకుని నమలడం, జీలకర్ర కషాయం, పలుచటి మజ్జిగలో వేయించిన జీలకర్రపొడి వేసి తాగడం, వీటిని మించిన దీపనాలు మామూలు మనిషికి అక్కరలేదు.

నిర్వాహకులు:
ఈ చర్చలో ఒక సభ్యుడు, ఆకలి పెంచి వారంలో ఒళ్లు చేసేలా చేస్తుందంటూ పేరు, లేబుల్ లేని పొడిని అమ్మకానికి పెట్టిన వ్యాఖ్యను తొలగించాము. ఇక్కడ మందుల అమ్మకాలు అనుమతించబడవు.

ఖమ్మం ఫిజీషియన్:
తొలగించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. అటువంటి పొడుల గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. పొట్లాల్లో కట్టి ఇచ్చే "మూలికా" మందులలో డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సందర్భాలు పరీక్షల్లో బయటపడ్డాయి. స్టెరాయిడ్ కడుపులో పడగానే ఆకలి విపరీతంగా పెరుగుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది, కీళ్ల నొప్పి మాయమవుతుంది, మొహం గుండ్రంగా నిండుతుంది. వాడినవారు దానిని బలం వచ్చిందనుకుంటారు. ఆ లోపల షుగరు, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఉన్నట్టుండి ఆపేస్తే శరీరం తాను తయారుచేసుకోవలసిన స్టెరాయిడ్‌ను వెంటనే తయారుచేసుకోలేక మనిషి కుప్పకూలవచ్చు. కనుక ఇప్పటికే అటువంటి పొడి వాడుతున్నవారు దానిని ఒక్కసారిగా పారేయకుండా, పొట్లంతో సహా వైద్యుని దగ్గరకు వెళ్లండి. మంచి చూర్ణం వారంలో ఒళ్లు చేయదు. అంత వేగంగా పనిచేసిందంటే అనుమానించవలసినదే.

న్యూజెర్సీ నివాసి:
ఇక్కడ అమెరికాలో ఇండియన్ కిరాణా దుకాణాలలో అరిష్టాలు, లేహ్యాలు, భస్మాలు కూడా దొరుకుతాయి. ఇవి 1994 నాటి చట్టం కింద ఆహార అనుబంధాలుగా అమ్ముడవుతాయి కనుక, అమ్మకానికి ముందు ప్రభుత్వ ఔషధ సంస్థ ఆమోదం అక్కరలేదు. బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించిన వైద్యులు, వాటిలో 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనుగొన్నారు. 2008లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, ఇంటర్నెట్ ద్వారా తెప్పించిన 193 ఉత్పత్తులను పరీక్షిస్తే దాదాపు 21 శాతంలో లోహాలు కనిపించాయి. ఉద్దేశపూర్వకంగా ఖనిజాలు కలిపే రసౌషధాలలో ఆ శాతం 40 వరకు ఉన్నది. సీసం ఒంట్లో చేరితే వచ్చే లక్షణాలు కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం. అంటే మనం ఏ బాధకు మందు తాగుతామో ఆ బాధనే అది పెంచి, ఇంకా ఎక్కువ మందు తాగేలా చేస్తుంది. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలు ప్రేమతో తెచ్చే పొట్లాలను కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ విషయంలో మొహమాట పడవద్దని వేడుకుంటున్నాను.

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
ఆ పరీక్షలను మా వృత్తిలో కొందరు ఆయుర్వేదం మీద దాడిగా చూశారు. నేను అలా చూడను. భారతదేశంలో ఆయుర్వేద మందులకు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల భాగాలలో ఇన్ని భాగాలు) అని పరిమితులు ఉన్నాయి. మూలికా మందు ఆ పరిమితి దాటితే తప్పు తయారీదారుది, దానిని ఎత్తిచూపినవారిది కాదు. జీర్ణానికీ నీరసానికీ వచ్చిన రోగికి మూలికలతోనే సరిపోతుంది. భస్మాలు, రసౌషధాలు కలిసినవి వైద్యుడు రోగిని కళ్లతో చూసి, పరీక్షలు చూసి, గడువు పెట్టి ఇవ్వవలసినవి.

తణుకు టీచరమ్మ:
అందరికీ ధన్యవాదాలు. వైద్యుల వారు చెప్పిన పరీక్షలు చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.1, ఫెర్రిటిన్ చాలా తక్కువ, బి12 కింది హద్దు దగ్గర ఉన్నది, టీఎస్‌హెచ్ సరిగానే ఉన్నది. నెలసరి సంగతి చెబితే స్కానింగ్ తీయించారు, గర్భాశయంలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ ఉన్నదట. ఇనుము మాత్రలు, బి12 రాశారు, స్త్రీ వైద్య నిపుణురాలు ఫైబ్రాయిడ్ సంగతి చూస్తున్నారు. నాది ఉబ్బరమే, మంట లేదు. ఆకలి మందంగా ఉన్నది. పాఠశాల గంట కొట్టేలోపు హడావిడిగా తిని, వెంటనే టీ తాగే అలవాటు నాకు ఉన్నది. ఇప్పుడు నా ప్రశ్నలు రెండు. ఇనుము మాత్రకు బదులు, ఇనుము కలిపి చేసే లోహాసవం వాడితే కడుపుకు సౌఖ్యంగా ఉంటుందని ఒకరు అన్నారు, నిజమేనా? అశ్వగంధ మాత్రలు ఏం చేయను?

ఖమ్మం ఫిజీషియన్:
హిమోగ్లోబిన్ 9.1 ఉన్నప్పుడు ఎంత ఇనుము లోపలికి వెళుతున్నదో కచ్చితంగా తెలియాలి. లోహాసవంతో ఆ లెక్క కుదరదు, పైగా అందులోనూ ఆల్కహాల్, తీపి ఉంటాయి. మాత్రనే వాడండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం, యాంటాసిడ్‌లతో కలిపి మాత్ర వేసుకోవద్దు, వాటికీ మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే తిన్న అన్నంలోని ఇనుము కూడా ఒంటికి పట్టదు. నిమ్మరసం, జామపండు, ఉసిరి ఇనుము పట్టడానికి తోడ్పడతాయి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి సుమారు మూడు నెలలు మాత్ర కొనసాగించాలి, చాలామంది ఓపిక రాగానే ఆపేసి మళ్లీ మొదటికి వస్తారు. మాత్ర వాడుతున్నప్పుడు మలం నల్లగా రావడం సహజం, తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం చెప్పండి. ఇనుము లోపం ఉన్నప్పుడు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అసలు కన్నా కొంత ఎక్కువగా కనిపించవచ్చు. కనుక ఆ ఒక్క అంకె చూసి షుగరు మందు పెంచవద్దని మీ వైద్యునికి గుర్తుచేయండి.

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
రక్తహీనతను మేము పాండురోగం అంటాము, దానికి ఇనుము కలిసిన ధాత్రీలోహం, పునర్నవ మండూరం వంటివి వాడతాము, కొందరికి బాగా పనిచేయడం చూశాను. అయినా మీ స్థితిలో మాత్రనే వాడమని నేనూ చెబుతాను, ఎందుకంటే రక్తం పోయే దారి ఇంకా మూసుకోలేదు.

అశ్వగంధను పక్కన పెట్టండి. అది చెడ్డదని కాదు. నిద్రపట్టనివారికి, మానసిక ఒత్తిడితో అలసిపోయినవారికి మేము దానిని ఇస్తాము. అయితే అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, షుగరు మందులతో కలిసి షుగరును మరికొంత దించగలదు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దానిని నిషేధించింది. ఆ నిషేధం అతి జాగ్రత్త అని నా అభిప్రాయం, అయినా కామెర్ల ఛాయ కనిపిస్తే వెంటనే ఆపాలన్నది మా రోగులందరికీ చెబుతాను. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకును కాక వేరును మాత్రమే వాడాలని తయారీదారులకు సూచించింది, కనుక లేబుల్ మీద వేరు అన్న మాట ఉన్నదో లేదో చూడండి. మీ నీరసానికి కారణం దొరికింది, ఇక దానికి అశ్వగంధతో పని లేదు.

కృష్ణాతీరం:
కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం మా వీధిలో తాగనివారు లేరు. దానివల్ల కాలేయం పాడయిందని వార్తలు వచ్చినప్పుడు నేను నమ్మలేదు. అందులో నిజమెంత?

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
ముంబయి కాలేయ వైద్యులు 2021లో కొందరు రోగుల వివరాలు ప్రచురించారు, తరువాత మరికొన్ని ఆసుపత్రుల వారు కలిసి 43 మంది వివరాలు ప్రచురించారు. తిప్పతీగను పోలిన వేరొక జాతి తీగను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. ఆ పొరపాటు జరిగే అవకాశం నిజంగానే ఉన్నది, కంచె మీద పాకినదల్లా తిప్పతీగ కాదు. కాని ఆ రోగుల్లో కొందరికి అంతకుముందే స్వయంప్రతిరక్షక వ్యాధుల, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే వ్యాధుల లక్షణాలు ఉన్నాయి, రోగనిరోధక శక్తిని ప్రేరేపించే మూలిక అటువంటివారికి ప్రమాదం కావచ్చునన్న హెచ్చరికను నేను తోసిపుచ్చను. ఒక మూలిక అందరికీ, ఏడాది పొడవునా మంచిదన్న మాట మా శాస్త్రంలోనే లేదు. పిప్పళ్లు, క్షారం, లవణం ఈ మూడింటినీ అతిగా వాడరాదని చరక సంహిత విమానస్థానంలోనే స్పష్టంగా చెప్పారు. పిప్పళ్లలో, మిరియాలలో ఉండే పైపరిన్ కొన్ని మందులు రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేస్తుందని ఈనాటి పరిశోధనలూ చెబుతున్నాయి. మూర్ఛకు ఫెనిటోయిన్, ఆయాసానికి థియోఫిలిన్ వాడేవారు త్రికటు (శొంఠి, మిరియాలు, పిప్పళ్లు) కలిసిన చూర్ణాలను వైద్యునికి చెప్పకుండా వాడకూడదు.

కృష్ణాతీరం:
ఇంత వివరంగా చెప్పినందుకు సంతోషం. నేను పెద్దల అలవాట్లకు గౌరవం ఇవ్వమంటున్నాను తప్ప, చూడకుండా మింగమని అనటం లేదు. పెద్దవాళ్లు కూడా ఏ పొడి ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలిసి పెట్టారు. శొంఠి, వాము, మిరియాలతో చేసే కాయం బాలింతకే ఇచ్చేవారు, ఇంట్లో అందరికీ పంచలేదు.

విశాఖ కోడలు:
బాలింత మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. నాకు కాన్పు అయి కొద్ది వారాలయింది, పాలిస్తున్నాను. మా అత్తగారు దశమూలారిష్టం, జీరకాద్యరిష్టం తాగమంటున్నారు. పైవన్నీ చదివాక తాగాలంటే జంకుగా ఉన్నది, వద్దంటే ఆవిడ నొచ్చుకుంటారు.

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
అమ్మా, ఆ రెండూ బాలింతలకు సంప్రదాయంగా ఇచ్చేవే, మీ అత్తగారి మాటలో తప్పు లేదు. కాని తల్లి తాగిన ఆల్కహాల్ పాలలోకి చేరుతుంది. దశమూలాలను అరిష్టంగా కాక కషాయంగా కాచి తాగవచ్చు, జీలకర్రను కూడా అలాగే. ఆ మూలికలే కనుక అత్తగారికి కూడా సమ్మతంగా ఉంటుంది. కషాయమైనా మీ కాన్పు చేసిన వైద్యురాలికి, దగ్గరలోని ఆయుర్వేద వైద్యురాలికి ఒకసారి చూపించి మొదలుపెట్టండి. రక్తహీనత ఉన్నదేమో పరీక్ష తప్పక చేయించుకోండి, కాన్పులో పోయిన రక్తాన్ని ఏ కషాయమూ తిరిగి ఇవ్వదు.

తణుకు టీచరమ్మ:
ఇంకొక్క మాట. ఇనుము మాత్ర మొదలుపెట్టాక మలబద్ధకం వచ్చింది. ఇంట్లో ఉన్న త్రిఫల చూర్ణం వేసుకోవచ్చా? హింగ్వాష్టకం ఎలా వాడమంటారు?

ఎర్రగడ్డ పూర్వ విద్యార్థి:
కరక్కాయ, తానికాయ, ఉసిరిక కలిసినదే త్రిఫల. దానిలో వగరు పదార్థాలు చాలా ఎక్కువ, అవి ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేయగలవు. కనుక ఇనుము మాత్రను ఉదయం వేసుకుని, త్రిఫలను రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీటితో తీసుకోండి. అర చెంచాతో మొదలుపెట్టండి, విరేచనం పలుచబడితే తగ్గించండి. మలబద్ధకానికి నేల తంగేడు ఆకు కలిసిన పొడులు ఎవరైనా ఇస్తే రోజూ వాడవద్దు, దీర్ఘకాలం వాడితే ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, పేగు కూడా దానికి అలవాటు పడుతుంది.

హింగ్వాష్టకాన్ని మధ్యాహ్న భోజనంలో మాత్రమే, పావు చెంచా, అర చెంచా నేతితో వేడి అన్నంలో కలిపి మొదటి ముద్దగా తినండి. అందులో ఉప్పు ఉంటుంది కనుక రక్తపోటు ఉంటే ముందు చెప్పండి. రెండు మూడు వారాలు వాడి ఆపండి. గుండెల్లో మంట మొదలైతే మరునాడే ఆపండి. ఉబ్బరం తగ్గకపోతే చూర్ణం మోతాదు పెంచకుండా తిరిగి వైద్యునికి చూపించండి, మెట్‌ఫార్మిన్ వలన కూడా కొందరికి ఉబ్బరం వస్తుంది, మందు రకం మార్చి చూడవలసి ఉండవచ్చు. ఏ చూర్ణంతోనైనా దద్దుర్లు, కామెర్లు, తీవ్రమైన వాంతులు వంటివి కనిపిస్తే, సీసాను, రసీదును దాచి ఉంచి దగ్గరలోని ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో తెలియజేయండి. ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ సమన్వయంతో ఆయుర్వేద మందుల దుష్ఫలితాలను నమోదు చేసే కేంద్రాలు దేశమంతటా పనిచేస్తున్నాయి. ఫిర్యాదు చేరితేనే ఆ బ్యాచ్ మీద విచారణ మొదలవుతుంది.